సమ్సోను శుక్రవారాలు

బందరులో నన్ను డాక్టరు గారూ అని పిలిచేవాళ్లు ఇప్పటికీ నలుగురైదుగురు ఉన్నారు. నేను డాక్టర్ని కాను. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు కాంపౌండరుగా చేసి, ఆవులకి సూదులు వేసీ, గేదెల కట్లు కట్టీ, 1995లో రిటైరయ్యాను. పేరు బసవపున్నయ్య. నా గురించి ఇంతకంటే అక్కర్లేదు. చెప్పాల్సింది ఎలీసబెతు టీచరు గారి గురించీ, ఆవిడ కుక్కల గురించీ, అందులోనూ ఒక నల్లకుక్క గురించీ. మధ్యలో నన్ను నేను తప్పించుకోకుండా చెప్పాలని కూర్చున్నాను. ఎంతవరకు సాగుతుందో చూడాలి.

టీచరు గారిది పామిడిముక్కల పక్కన పల్లెటూరు. మునిసిపల్ బడిలో లెక్కలు చెప్పి చెప్పి గొంతు గరుకైపోయిన మనిషి. భర్త హనోకు గారు పోస్టాఫీసులో పనిచేస్తూ సర్వీసులోనే పోయారు. పిల్లలు లేరు. చిలకలపూడి వెళ్లే దారిలో ఆయన కట్టించిన రెండు గదుల పెంకుటిల్లు, దాని వెనక ఆరువందల గజాల ఖాళీ స్థలం మిగిలాయి. ఆ స్థలంలోకి మొదట కాలు విరిగిన కుక్క ఒకటి వచ్చింది. దానికి అన్నం పెట్టారు. కుక్కలకి నోరు లేదంటారు గానీ కబురు మోయడంలో మనుషుల్ని మించినవి. ఏడాది తిరిగేసరికి ఇరవై అయ్యాయి. గజ్జి పట్టినవి, కన్ను పోయినవి, ఎవరో వేడినీళ్లు పోస్తే వీపు కాలినవి, పెద్దయ్యాక ఇంటివాళ్లకి ముద్దు తీరి గోతాంలో కట్టి తెచ్చి గేటు ముందు పడేసినవి. అన్నింటికీ బైబిల్లో పేర్లే పెట్టేది. యోనా, రూతు, దానియేలు. దేవుడి గ్రంథంలో పేర్లు కుక్కలకా అని పాస్టరు గారి భార్య అడిగితే, మనుషులకి పెట్టి చూశాం కదండీ అందట.

నేను అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది దయతో కాదు. ఇంట్లో ఊరికే కూర్చుంటే మా ఆవిడ రాఘవమ్మ నా మీద చీపురు తిప్పుతోంది. టీచరు గారు కబురు పెడితే వెళ్లి ఒక కుక్కకి కుట్లు వేశాను. మర్నాడు కట్టు మార్చాలి కదా. అలా మొదలై ఇప్పటికి పన్నెండేళ్లు.

ఇరవై కుక్కలకి పెట్టడం అంటే మాటలు కాదు. ఆవిడ పెన్షను సగం నెలకే హారతి కర్పూరం. అప్పుడు ఆవిడకి వాళ్ల అమ్మ చేసిన పని గుర్తొచ్చింది. వాళ్ల ఊళ్లో క్రైస్తవుల ఇళ్లలో అన్నం వండే ప్రతిపూటా, ఎసట్లో బియ్యం పోయకముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్తుంది. ఇంట్లో ఎంత కరువైనా ఆ పిడికెడు ఆగదు. టీచరు గారు పాత డాల్డా డబ్బాలు అరవై సంపాదించి, కడిగి ఎండబెట్టి, తన పాత విద్యార్థుల ఇళ్లకి పంచింది. పూటకో పిడికెడు కుక్కలకి. హిందువులు, క్రైస్తవులు, ఇద్దరు ముగ్గురు సాయిబులు కూడా వేశారు. ఆదివారం మధ్యాహ్నం రిక్షా కట్టించుకుని ఇంటింటికీ తిరిగి పోగు చేసేది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, కోటా బియ్యం, అప్పుడప్పుడు పురుగులతో సహా అన్నీ కలిసిపోయి ఒక రంగురంగుల రాశి అయ్యేది. దానికి కోడిమాంసం కొట్లనుంచి తలకాయలూ కాళ్లూ, గిలకలదిండి రేవు నుంచి చేపల తలలూ. ఆ గంగాళం ఉడుకుతుంటే వీధంతా ముక్కు మూసుకునేది. కుక్కలు మాత్రం మాట్లాడకుండా వరసగా కూర్చునేవి.

ఆ రోజులు బాగుండేవి. తర్వాత కుక్కలు నలభై దాటాయి. పిడికెడు బియ్యం దేవుడిది, దాన్ని కుక్కలకి మళ్లించడం ఏమిటని గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. కొన్ని డబ్బాలు మౌనంగా తిరిగొచ్చాయి. కొన్ని రానే లేదు, వాటిలో ఎవరో కారం పోసుకున్నారు. మందుల కొట్లో నా పరువు మీద అప్పు పెరిగింది. గజ్జికుక్కని చూసి జేబులో చెయ్యి పెట్టే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అయ్యో పాపం అంటారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటారు, వెళ్లిపోతారు.

అదే సమయానికి, 1996 దసరాకి ముందు, నల్లకుక్క వచ్చింది. దివిసీమ నుంచి ఎండుచేపలు తెచ్చే వ్యానులో గోతాల మధ్య పడుకుని నిద్రపోయిందట. కోనేరు సెంటర్లో కళ్లు తెరిచి, కొత్త ఊరు చూసి బెదిరి దూకింది, ఆటో కింద పడింది. వెనక కాలు రెండు చోట్ల విరిగింది. వ్యాను డ్రైవరే మోసుకొచ్చి ఇచ్చాడు. రెండేళ్ల వయసు ఉంటుంది. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు, గోళ్లు కూడా నలుపే. ఎడమ చెవి కొస చీలి ఉంది. నేను ఎముక సరిచేస్తుంటే కరవలేదు, మూలగలేదు, పళ్లు బిగించి నా ముఖం వంక చూసింది. ఆ బలం చూసి టీచరు గారు సమ్సోను అని పేరు పెట్టింది.

కట్టు విప్పిన వారానికి గుడివాడ నుంచి గోవర్ధనరావు గారు కారులో దిగారు. ఆయనకి అక్కడ రైసుమిల్లు ఉంది. ఏలినాటి శని నడుస్తోందట. మిల్లులో బెల్టు తెగింది, బావమరిది దావా వేశాడు, షుగరు వచ్చింది. ఏడున్నరేళ్లపాటు శనివారం శనివారం నల్లకుక్కకి నువ్వుల నూనె రాసిన రొట్టె స్వహస్తాలతో తినిపించమని సిద్ధాంతి చెప్పాడు. ఒక్క తెల్ల వెంట్రుక కూడా ఉండకూడదని షరతు. పాపం, మిల్లు ఓనరు రొట్టె పట్టుకుని గుడివాడ వీధుల్లో కుక్కల వెంట పడితే అవి రాయి అనుకుని పారిపోయాయి. మా దగ్గర కుక్క కట్టేసి ఉంటుంది, పారిపోదు. సమ్సోను రొట్టె తింది. గోవర్ధనరావు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు నాలుగు బస్తాల నూకలు దిగాయి.

అప్పులో మునిగినవాడికి ఆ నాలుగు బస్తాల చప్పుడు ఎలా వినిపిస్తుందో మీకు తెలియదు. టీచరు గారు ఒక బస్తా మీద కూర్చుండిపోయింది.

నెల తిరగకుండా శనివారం గేటు ముందు వరస కట్టారు. బందరు, పెడన, గుడివాడ, అవనిగడ్డ నుంచి కూడా. లోకంలో ఇంతమందికి శని పట్టిందని నాకు అప్పుడే తెలిసింది. అందరూ తలా ఒక తీరు రొట్టె తెస్తుంటే టీచరు గారే గోధుమ రొట్టెలు చేసి, నూనె రాసి, బెల్లం ముక్క పెట్టి పదకొండు రూపాయలకి ఇవ్వడం మొదలుపెట్టింది. అందులోంచి ఒక్క ముక్క తుంచి సమ్సోనుకి పెట్టాలి, మిగతాది బేసిన్లో వెయ్యాలి, అది వెనకున్న కుక్కలకి. లెక్కల టీచరు కదా, లెక్క ఎక్కడా తప్పలేదు. ఒక్క నల్లకుక్క నోటి మీదుగా నలభై కుక్కలకి నూకలు, మందులు, పిచ్చికుక్క సూదులు, వర్షాకాలానికి రేకుల షెడ్డు అన్నీ వచ్చాయి. వచ్చినవాళ్లు దాన్ని భైరవుడనేవారు. శనిదేవుడి డబ్బు ముట్టుకుంటావా అని సంఘంలో స్త్రీలు అడిగితే, శనికి నేనేమీ పెట్టడం లేదు, కుక్కకి పెడుతున్నాను అని తెగేసి చెప్పింది. గుడికి వెళ్లడం మాత్రం తగ్గించింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ, అది ఆవిడకీ తప్పలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. రొట్టె కుక్క తినాలి. తినకుండా తల తిప్పుకుంటే వచ్చినవాడి ముఖం పాలిపోతుంది. ఒకావిడ అక్కడే ఏడుస్తూ కూలబడింది, శని నన్ను వదలనంటున్నాడని. డబ్బు వెనక్కి అడిగినవాళ్లూ ఉన్నారు. డెబ్బై మంది చేతుల్లో డెబ్బై నూనె ముక్కలు ఏ కుక్క తింటుంది, కడుపు ఖాళీగా ఉంటే తప్ప? అందుకని శుక్రవారం సమ్సోనుకి అన్నం మానేశాం. చాలలేదు. గురువారం సాయంత్రం నుంచే మానేశాం. మిగతా కుక్కలు గంగాళం చుట్టూ తింటుంటే అది గొలుసు ఉన్నంత మేర ముందుకొచ్చి నిలబడేది. మొదట్లో అరిచేది. తర్వాత తర్వాత అరవడం మానేసింది.

నేను ఒకసారి అన్నాను, ఇది బాగాలేదు టీచరు గారూ అని. ఆవిడ గంగాళంలో తెడ్డు తిప్పుతూ నా వైపు చూడకుండా చెప్పింది.

"శుక్రవారం ఉపవాస ప్రార్థన నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు పున్నయ్య గారూ. నేనూ మంచినీళ్లే తాగుతున్నాను. దానితోపాటు నేనూ పస్తే కదా."

నిజమే, ఆవిడ శుక్రవారం ఏమీ తినేది కాదు. ఆ మాట విని నేను ఊరుకున్నాను. ఊరుకోవడానికి ఆ మాట చాలా వీలుగా ఉంది.

ఇదిలా ఉండగా అంకమ్మ వచ్చింది. పాలకాయతిప్ప దగ్గర జాలరి మనిషి. మొగుడు సముద్రం మీద వేటకి వెళ్తాడు, ఈవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. సమ్సోను వాళ్ల కుక్క. ఒడ్డున ఎండే మెత్తళ్లనే చిన్నచేపల మీద కాకి వాలకుండా కాపలా కాసేదట. బొగ్గుగాడు అని పిలిచేవాళ్లు. వ్యాను డ్రైవరు చెబితే, కొబ్బరితాడు ఒకటి చేత పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. అప్పటికి సరిగ్గా అయిదు శనివారాలు గడిచాయి. గోవర్ధనరావు గారి రెండో విడత బస్తాలు వరండాలో ఉన్నాయి.

టీచరు గారు నా వంక చూసింది. నేనే చెప్పాను, కాలికి చీము పట్టింది, ఇంకా పద్నాలుగు సూదులున్నాయి, మధ్యలో ఆపితే పిచ్చెక్కుతుంది అని. డాక్టరు గారి మాట కదా, నమ్మింది. కుక్క తల నిమిరి, తాడు మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయింది.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ వచ్చింది. ఈసారి ఆవిడ వీధి మలుపులో కనబడగానే కుక్కని లోపలి గదిలో పెట్టి తలుపు వేశాం. నేను గేటు దగ్గర నిలబడి, అది చచ్చిపోయిందమ్మా అన్నాను. ఎక్కడ పూడ్చారండీ అని అడిగింది. చెయ్యి చాపి మునగచెట్టు చూపించాను. అంకమ్మ ఆ చెట్టు కింద గొంతుక్కూర్చుని, మూట విప్పి, తెచ్చిన మెత్తళ్లలోంచి రెండు మట్టి మీద పెట్టింది. లోపల తలుపు గీకుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. వెనక నలభై కుక్కలు మొరుగుతున్నాయి కాబట్టి ఆవిడకి వినపడలేదు. వెళ్లేముందు, మందులేసి చూసుకున్నారు, మీ రుణం ఉంచుకోనండీ అని మిగతా మెత్తళ్లు మొత్తం వరండాలో పెట్టి వెళ్లింది.

టీచరు గారు ఆ పొట్లాం వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. శుక్రవారం కాదు, అయినా తినలేదు. నాకు మాత్రం ఆకలేసింది, ఇంటికెళ్లి తిన్నాను. సిగ్గుపడాల్సిన విషయం, రాస్తున్నాను.

ఆ తర్వాత ఆరేళ్లు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు సాగింది. కుక్కల్ని తగ్గించుకుందామంటే గేటు ముందు గోతాలు ఆగవు. రొట్టెలు ఆపేద్దామంటే నలభై మూడు నోళ్లు. డబ్బున్న చోట ఆపద కూడా కాపురం ఉంటుంది. ఎక్కువ కుక్కలు వచ్చాయి కాబట్టి ఎక్కువ రొట్టెలు, ఎక్కువ రొట్టెలు అమ్ముడవుతున్నాయి కాబట్టి ఇంకా కుక్కలు. టీచరు గారు ఊరు దాటడం మానేసింది. పామిడిముక్కలలో సొంత అక్క పోతే శుక్రవారం పొద్దున బస్సెక్కి, మట్టి వేసి, అదే సాయంత్రం తిరిగొచ్చి పిండి కలిపింది. మర్నాడు శనివారం కదా. చేతులు పిండిలో పెట్టుకుని, కళ్లు తుడుచుకునే వీలు కూడా లేక, భుజానికి రాసుకుంది. గొలుసు సమ్సోనుకే ఉందని పైనుంచి చూసేవాళ్లు అనుకునేవాళ్లు.

కుక్కకి తొమ్మిదో ఏడు వచ్చింది. మూతి చుట్టూ నెరిసింది. నూనె, బెల్లం తిని తిని నడుము బరువెక్కింది, డొక్కలు మాత్రం లోపలికే. ఒక శనివారం గోవర్ధనరావు గారు వంగి చూసి, తెల్ల వెంట్రుకలొచ్చాయే టీచరు గారూ, పనికిరాదేమో అన్నారు. ఆయన ఏలినాటి శని దాదాపు అయిపోవచ్చింది, కానీ భయం అలవాటైంది. వరసలో ఆయన వెనకున్నవాళ్లు కూడా వంగి చూశారు.

ఇక్కడ నా తెలివి పనిచేసింది. నేను అప్పటికి పదేళ్లుగా తలకి రంగు వేస్తున్నాను. ఇంట్లో నల్లరంగు పొడి ప్యాకెట్టు ఒకటి ఉంది. గురువారం మధ్యాహ్నం దాన్ని గిన్నెలో కలిపి, పాత పళ్లు తోముకునే బ్రష్షుతో మూతికి పూశాను. టీచరు గారు దాని తల కదలకుండా పట్టుకుంది. మూతి నిగనిగలాడింది. కడిగినా అంతా పోదనీ, కుక్క నాక్కుంటుందనీ, ముప్పై ఒక్కేళ్ల సర్వీసున్న మనిషికి తోచలేదు. శుక్రవారం తెల్లారేసరికి ముఖమంతా వాచి, కళ్లు మూసుకుపోయాయి. ఖాళీ కడుపులోంచి పచ్చటి నురగ కక్కింది. సూది వేశాను. సాయంత్రానికి వాపు కాస్త తగ్గింది. రేపటికి రొట్టెలు ఆపేద్దామండీ అంది టీచరు గారు. వద్దు, ఈ ఒక్క శనివారం గడిపేద్దాం అన్నది నేనే. మందుల కొట్టు బాకీ గుర్తొచ్చి అన్నాను.

2003 వేసవిలో ఆ శనివారం అరవై మందికి పైగా వచ్చారు. సమ్సోను గుంజ దగ్గర పడుకుని ఉంది. మొదటి ముక్కకి తల తిప్పుకుంది. రెండో ముక్కకి లేచి అటు తిరిగి పడుకుంది. వరసలో గొణుగుడు మొదలైంది. గోవర్ధనరావు గారు బెల్లం ఎక్కువ పెట్టి, భైరవా అని బతిమాలారు. టీచరు గారు దాని నోరు విప్పి ముక్క లోపల పెట్టబోతే, జీవితంలో మొదటిసారి ఆవిడ మీద గుర్రుమంది.

వరసలో ఎనిమిదో తొమ్మిదో మనిషిగా, కొంగు తల మీదుగా కప్పుకున్న ఒకావిడ ఉంది. పదకొండు రూపాయలిచ్చి రొట్టె తీసుకున్నది నేను చూశాను, ఎవరన్నది పట్టించుకోలేదు. ఆవిడ వంతు వచ్చింది. రొట్టె పక్కన పెట్టి, కింద కూర్చుని, చీలిన ఎడమ చెవి మీద చెయ్యి వేసింది. బొగ్గుగా, అంది. అంతే. వాచిన కళ్లతో కుక్క లేచింది. లేచి ఆవిడ ఒడిలో మూతి పెట్టి, చిన్నపిల్లలు వెక్కినట్టు ఒక చప్పుడు చేసింది. అంకమ్మ కొంగుముడి విప్పి కాల్చిన మెత్తళ్లు అరచేతిలో పెట్టింది. నమలకుండా మింగింది.

వాళ్ల ఊళ్లో ఎవరికో శని పట్టి ఇక్కడికి వచ్చివెళ్లి, చెవి చీలిన భైరవుడి గురించి చెప్పారట. చచ్చిపోయిందన్న కుక్కని చూడటానికి ఆవిడకి ఇంకో దారి కనబడలేదు. పదకొండు రూపాయలు పెట్టి వరసలో నిలబడింది.

వరస మొత్తం గోల ఎత్తుకుంది. శనివారం పూట భైరవుడికి నీచు పెట్టారని, మా రొట్టెలన్నీ వృథా అయ్యాయని, అపచారమని. డబ్బులు వెనక్కి ఇమ్మని ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. అంకమ్మకి ఇదేమీ పట్టలేదు. కుక్క డొక్కల మీద వేళ్లు ఒక్కొక్కటే ఆనించి చూస్తోంది. తలెత్తి టీచరు గారిని అడిగింది, ఇది ఎప్పుడు తిందండీ అని. నేను ఏదో చెప్పబోయాను. టీచరు గారు నన్ను ఆపింది.

"గురువారం పొద్దున తింది. ప్రతివారం అంతే. నిన్న పస్తు. నేను కూడా పస్తున్నానమ్మా, దానితోపాటు."

అంకమ్మ కోప్పడలేదు. గొంతు పెంచలేదు. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మీరు మొక్కుకుని మానేశారండీ. అది మొక్కుకోలేదు కదండీ?"

అంకమ్మ వెనక కంచె వైపు చూసింది. బేసిన్ కోసం ఎదురుచూస్తూ నలభై రెండు కుక్కలు కంచెకి ముట్టెలు ఆనించి ఉన్నాయి.

"మా ఇంట్లో తొమ్మిది మందిమండీ. వేటకెళ్లేది ఒక్కడే. మేం గంజి తాగి పడుకున్న రోజున కూడా ముందు ఆయనకి పెట్టి పంపుతాం. మీ ఇంట్లో వేటకెళ్లేది ఇదే కదండీ. మరి దీన్నే మాడుస్తారేంటండీ?"

టీచరు గారు కుక్క మెడలో గొలుసు విప్పడానికి వంగింది. ఏడేళ్లు నూనె, ధూళి పట్టి కొక్కెం బిగుసుకుపోయింది. ఆవిడకి రాలేదు. నేను విప్పాను. అంకమ్మ దగ్గర ఆ కొబ్బరితాడే ఉంది. కట్టాల్సిన పని లేకపోయింది, కుక్క ఆవిడ కాలు వెంట నడిచింది. గేటు దగ్గర ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. గంగాళం వైపు చూసిందో టీచరు గారి వైపు చూసిందో నేను చెప్పలేను.

గోవర్ధనరావు గారు వచ్చే శనివారం సంగతేంటని అడిగారు. మా ఇంట్లో ఇక నల్లకుక్క లేదండీ అని టీచరు గారు చెప్పింది. బస్తాలు ఆగిపోయాయి. వరస పదిహేను రోజుల్లో మాయమైంది, మచిలీపట్నంలో ఇంకెక్కడో నల్లకుక్క దొరికే ఉంటుంది. ఆ వర్షాకాలం పదకొండు కుక్కలు పోయాయి. యోనా పోయింది, రూతు పోయింది. ఒక మంచిపని చేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్లని తీసుకొచ్చి ఆ పదకొండు గుంటలు నాతో తవ్వించాలి. టీచరు గారు అరవై ఏడేళ్ల వయసులో మళ్లీ డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది. ఈసారి ఒక మాట చేర్చింది. మీ ఇంట్లో సంపాదించేవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, మిగిలేటట్టుంటేనే పిడికెడు వెయ్యండి అని. ఆ మాటకో ఏమో, పోయినసారి కంటే ఎక్కువ డబ్బాలు నిండాయి. మా రాఘవమ్మ రెండు డబ్బాలు తీసుకుంది. నేను సంపాదించేవాణ్ణి కాదు కాబట్టి నా అన్నం చివర పెడతానని నవ్వింది. ముప్పై దాకా కుక్కలకి సరిపోయేది. మించితే తీసుకోలేదు. గేటు ముందు గోతాం పడేసి పారిపోయేవాళ్లని వెంటపడి తిట్టడం నేర్చుకుంది.

ఎవరూ అనుకోని సంగతి, అంకమ్మ రావడం మానలేదు. బందరులో ఎండుచేపలు అమ్ముకుని, నెలకి రెండు శనివారాలు ఒక గోనెసంచి చేపతలలు తెచ్చి వరండాలో దించేది. డబ్బు తీసుకోదు. టీచరు గారు కూడా క్షమించమని ఎప్పుడూ అడగలేదు. అడిగేది ఒక్కటే ప్రశ్న.

"నిన్న తిన్నాడా అంకమ్మా?"

"తిన్నాడండీ. ముందు వాడికే పెట్టామండీ."

అది విన్నాకే ఆవిడ లోపలికి వెళ్లి, ముందురోజు ఉపవాసం తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేది. అంకమ్మ రాని శనివారాల్లో మధ్యాహ్నం దాకా గేటు వైపు చూస్తూ కూర్చునేది. ఆవిడకి సుఖం అని నేను చూసింది ఆ ఒక్క జవాబు విన్నప్పటి ముఖమే.

2005 మాఘమాసంలో ఒక శనివారం. అంకమ్మ సంచి దించింది. టీచరు గారు అడిగింది. తిన్నాడండీ, ముందు వాడికే పెట్టామండీ అని అంకమ్మ చెప్పింది. టీచరు గారు లోపలికి వెళ్లింది. నేను అంకమ్మని గేటు దాకా సాగనంపాను. అక్కడ ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, మెల్లగా చెప్పింది. కుక్క పోయి ఇరవై రోజులైందట. ఒడ్డున చేపలు ఎండుతుంటే కాపలాగా పడుకుని, నిద్రలోనే పోయిందట.

"అమ్మగారికి చెప్పకండి డాక్టరు గారూ. అన్నం మానేస్తారావిడ. మీరు మునగచెట్టు చూపించారు కదా, నేను ఇది చెప్తున్నా. మీకు తెలిసిన పనే."

ఆవిడ అందులో దెప్పిపొడుపు పెట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తల ఊపాను.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. కుక్క వయసెంత ఉండాలో లెక్కల టీచరుకి తెలియకుండా ఉంటుందా అని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. ఆవిడ అడగడం మానలేదు, అంకమ్మ చెప్పడం మానలేదు. నేను వరండా మెట్టు మీద కూర్చుని వింటూనే ఉన్నాను. నిన్న శనివారం కూడా అడిగింది. తిన్నాడండీ అంది అంకమ్మ. టీచరు గారు లోపలికి వెళ్లి అన్నం తిన్నది.